మజిలీకథ వెండితెర కెక్కినపుడు

కాశినుండి కన్యాకుమారికి బోవు మహామార్గము కామారెడ్డి మీదుగా సాగుచున్నది. 2010 లో సంఖ్యలు మార్చువరకు అది 7వ జాతీయ రహదారి. నేడు కామారెడ్డి నానుకొని పోవు భాగము 44వది. సంఖ్య మారినను త్రోవ మారలేదు. కావున కాశీమజిలీకథలను గూర్చి ముచ్చటించుటకు ఈ ప్రాంతము వారికి ఒకింత హక్కు హెచ్చుగనే కలదని మా యభిప్రాయము. ఎల్లారెడ్డి ఆ మార్గమునకు పడమరగా తొలగియున్నది గాని, కథలకు అంతటి దూరము లెక్కగాదు.

మణిసిద్ధుడను యాత్రికుడు కాశికి బోవుచు గోపబాలు నొకని తోడు గొనిపోవును. ఆ బాలుడు మజిలీ మజిలీకిని తాను చూచిన వింతను గూర్చి ప్రశ్నించును. కథ చెప్పిననే గాని ముందున కడుగు పెట్టడు. మధిర సుబ్బన్న దీక్షితులుగారు ఈ చిన్న యుపాయము నాధారము చేసికొని 12 భాగములు రచించిరి. అందు వినువానికిని అధికారము కలదు. వాడడిగినగాని కథ లేదు.

ఆ కథలలో నొకదానికి అరబ్బుల అల్లావుద్దీను దీపపు వెలుగు కొంత తోడుచేసి పింగళి నాగేంద్రరావుగారు వ్రాయగా, కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున విజయా వారు నిర్మించిన 'పాతాళభైరవి' 1951 మార్చి 15వ తేదీన వెలువడినది. ఇటీవల కామారెడ్డిలో ఒక మిత్రుని యింట ఆ చిత్రమును టెలివిజనులో చూచు సందర్భము మాకు కలిగినది. ఎల్లారెడ్డినుండి వచ్చిన మిత్రుని తండ్రిగారును, ఆయన మనుమడును మా ప్రక్కన కూర్చుండిరి. మాంత్రికుడు బలికి వీరుని వెదకుచుండగా వృద్ధులు పెదవి విరిచిరి. వారి మాట యథాతథముగా వ్రాయుచున్నాము: "గిది మజిలీకథ లెక్క లేదు బిడ్డా. అండ్ల కథల నుంచి కథ పుడ్తుండె. ఇండ్ల అవన్ని కోసి పారేసిన్రు."

మనుమడు నవ్వునని తలంచితిమి. నవ్వలేదు. "మా ఉంగరం కథల గూడ మస్తు కోసిన్రు తాతా. బాంబడిల్ ఉండనే ఉండడు" అనెను. ఆంగ్ల రచయిత టోల్కిన్ 1954, 55 సంవత్సరములలో ప్రకటించిన బృహత్కథను ఆ బాలుడు చదివినాడు. పీటర్ జాక్సన్ దానిని 2001 మొదలు 2003 వరకు మూడు చిత్రములుగా తీసినపుడు అడవిలో పాటలు పాడుకొను టామ్ బాంబడిల్ అను విచిత్రపురుషుని విడిచిపెట్టెను. ప్రధానకథకు పనికిరాడని కారణము. పుస్తకప్రియులు ఆ లోపమును నేటికిని మన్నింపలేదు. తాతకు టోల్కిన్ తెలియడు, మనుమనికి దీక్షితులు తెలియరు. ఫిర్యాదు మాత్ర మొక్కటియే.

ఇది చాదస్తమని త్రోసివేయువారు కలరు. మేము వారితో నేకీభవింపము. పుస్తకము చదివిన ప్రతివాడును తన మనసులో ఒక చిత్రము ముందే తీసికొనియుండును. దానికి డబ్బు పెట్టినవాడును వాడే, నటుల నేర్పరచినవాడును వాడే. అట్టివాని యాక్షేపణకు విలువ కలదు. అయితే మార్పెల్ల దోషమనుట మాత్రము పొరపాటు. వ్యాసభారతమున శశిరేఖ లేదు. 1957 నాటి 'మాయాబజారు'లో పాండవులు కానరారు. అయినను ఆ చిత్రమును తెలుగువారు కన్నబిడ్డవలె చూచుకొనిరి. పాతాళభైరవిలో దీపమునకు బదులు దేవి ప్రతిమ వచ్చినది. అల్లావుద్దీను దీపము రుద్దిన చాలును. ఇచ్చట వరమునకు ముందు ఒక తల తెగవలెను. ఎవరి తల యనుటలోనే కథయంతయు నున్నది. ఇది కోత గాదు, కూర్పు. మూడుగంటలకు మించిన చిత్రమున ఉపకథలకు చోటు లేకపోయె ననుట వాస్తవమే గాని, నాగేంద్రరావుగారు కథ నెరిగి మార్చిరి. ఎరుగక మార్చువారే నేడు హెచ్చుచున్నారు.

మా భయము వేరొకటి. ఆక్షేపించుటకు మొదట చదివియుండవలెను గదా! నైజాము పాలనలో ఉర్దూ బడులనడుమ తెలుగు చదువుట యొక సాహసముగా నుండెను. హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినదియు, నిజామాబాదున 1937లో ఆంధ్రమహాసభ జరిగినదియు ఆ యాకలివలననే. అట్లు సంపాదించుకొన్న చదువును మనము చేజేతుల విడిచిపెట్టుచున్నామేమో.

చిత్రము ముగిసిన పిదప బాలుడు, "ఆ పుస్తకం ఏడున్నది తాతా?" అని యడిగెను. ఎల్లారెడ్డి యింట రెండు భాగము లుండెననియు, ఎవరో చదివి యిచ్చెదమని గొనిపోయి మరల తేలేదనియు వృద్ధులు చెప్పిరి. అయిన నోటితోనే చెప్పుమని బాలుడు పట్టుబట్టెను. వారు కాళ్లు మడిచి కూర్చుండి, కన్నులు మూసి, చక్కగా నారంభించిరి. ఊరి వర్ణన యైనది, రాజకన్యక వచ్చినది, మాంత్రికుడు ప్రవేశించెను. "వాని పేరు నేపాళ మాంత్రికుడు" అనిరి.

"అది సినిమాల పేరు గద తాతా!" అని బాలుడు.

వృద్ధులు కన్నులు తెరచి కొంతతడవు ఊరకుండిరి. "ఔను బిడ్డా. అండ్ల పేరు యాదికొస్తలేదు" అనిరి.