మిరప ముడతకు ఒక్క ఫోటో చాలదు



ముడుచుకొన్న మిరప ఆకును సెల్‌ఫోనులో ఫోటో తీసి, ఏ మందు కొట్టవలెనని మీలో పలువురు అడుగుచున్నారు. పద్ధతి మంచిదే. కాని ఒక్క ఫోటోను నమ్మరాదు. ఈ సంగతి నేను పొరపాటు చేసి నేర్చుకొంటిని. ఒక రైతు పంపిన ఆకు ఫోటో చూచి, పైముడత అని తలచి తామర పురుగుకు మందు చెప్పితిని. రెండుసార్లు పిచికారీ చేసినను తోట తేరుకొనలేదు. పోయి చూడగా అది కిందిముడత! ఆకును కోసి, తిరగవేసి ఫోటో తీసినారు. మందు ఖర్చు దండుగయ్యెను, పూత రాలెను.

ఆకు అంచులు పైకి లేచి దోనెవలె ఉన్నచో తామర పురుగు పని. అంచులు కిందికి వంగి, బోర్లించిన దోనెవలె ఉండి, కాడలు సాగినచో నల్లి పని. తామర పురుగు మందులన్నియు నల్లిని చంపవు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టినచో నల్లి ఇంకను పెరుగును.

కనుక ఇట్లు చేయుడు:

1. ఆకు కోయక, చెట్టుననే, కాడ కనబడునట్లు పక్కనుండి ఫోటో తీయుడు.

2. అదే చేలో ఆరోగ్యముగానున్న కొమ్మను అదే వేళ, అంతే దూరమునుండి తీయుడు.

3. ముడత కొమ్మకు రంగు దారము కట్టుడు. మందు కొట్టిన వారమునకు ఆ కొమ్మనే మరల తీయుడు.

ఈ ఫోటోలను కంప్యూటరులో పక్కపక్కన పెట్టి చూడవలెను. ఫాస్ట్‌స్టోన్ ఇమేజ్ వ్యూయర్ వంటి సాఫ్ట్‌వేరులో నాలుగు ఫోటోల వరకు ఒకేసారి చూడవచ్చును. అన్నిటిని ఒకే మేరకు పెద్దవి చేసి చూచినప్పుడే తేడా తెలియును. మీకు కంప్యూటరు లేనిచో రైతు సేవా కేంద్రములోని సహాయకుని అడుగుడు.

మందు పని చేసినదా అని చూచునపుడు పాత ఆకులను చూడవద్దు. ముడిగిన ఆకు మరల విచ్చుకొనదు. కొత్త చిగురు చదునుగా వచ్చినదా అన్నదే చూడవలెను.

ఫోటో అనుమానమును మాత్రమే చూపును. నిర్ధారణకు కొమ్మను తెల్ల కాగితముపై తట్టుడు. తామర పురుగులు రాలి పాకును. నల్లి మిక్కిలి చిన్నది; ఆకు అడుగున భూతద్దముతో వెదకవలెను. 2021లో గుంటూరు, ప్రకాశం మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పూలలో గుంపులుగా చేరును. కనుక పూలను కూడ విప్పి చూడుడు.

ఈ పరీక్షకు పట్టునది అరగంట. మందు డబ్బా మూత తీయుటకు ముందే ఆ అరగంట వెచ్చించుడు.