ఇల్లు, బడి... మధ్యలో ఏముంది?



2021 సెప్టెంబరులో బడి తెరిచాక మా మూడో తరగతి పిల్లలకు ఒక చిన్న పని ఇచ్చాం. "ఇంటి నుంచి బడికి వచ్చే దారి గీయండి" అన్నాం. చాలామంది కాగితానికి ఒక మూల ఇల్లు, మరో మూల బడి గీశారు. మధ్యలో ఒక గీత. అంతే! ఒక బాబు మాత్రం ఆ గీత మీద బస్సు బొమ్మ వేసి, "టీచర్, ఈ బస్సు మన బడి దాటాక ఎక్కడికి వెళ్తుంది?" అని అడిగాడు.

ఈ పిల్లలు 2020 మార్చిలో ఒకటో తరగతిలో ఉన్నారు. ఊరు చూసి తెలుసుకునే వయసులో ఊరే మూతపడింది. హైదరాబాద్‌లో మెట్రో ఆ సెప్టెంబరు 7న, సిటీ బస్సులు 25న మళ్లీ కదిలాయి. ఎంఎంటీఎస్ పట్టాలెక్కేసరికి 2021 జూన్ 23 వచ్చింది. పదిహేను నెలలు!

ఇప్పుడు మనలో చాలామంది గోవాకో, ఊటీకో వెళ్లాలని లెక్కలు వేసుకుంటున్నాం. తప్పేమీ లేదు. కానీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఏం గుర్తొచ్చిందని పిల్లల్ని అడిగి చూడండి. కిటికీ పక్క సీటు, అమ్మమ్మగారి ఊరి బస్టాండు, ట్యాంక్‌బండ్ మీద మొక్కజొన్న పొత్తు... ఎక్కువగా ఇలాంటి చిన్నవే చెబుతారు.

మనసులో మ్యాపు ఎలా తయారవుతుంది?

1948లో ఎడ్వర్డ్ టోల్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక విషయం చెప్పారు. చిక్కుదారుల్లో తిరిగే ఎలుకలు ఎటు తిరగాలో బట్టీ పట్టడమే కాదు, ఆ చోటు మొత్తాన్నీ మనసులో ఒక పటంలా దాచుకుంటాయని. 1971లో జాన్ ఓకీఫ్, ఎలుక ఒక ఫలానా చోటికి రాగానే చురుకయ్యే కణాలను దాని మెదడులో గుర్తించారు. ఈ పరిశోధన దారిలో ముందుకు వెళ్లిన మోజర్ దంపతులతో కలిసి ఆయన 2014లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

మన పిల్లల విషయానికి వస్తే, కారు వెనక సీట్లో ఫోన్ చూస్తూ కూర్చున్న పాపకు దారితో పని లేదు. ఎక్కడ తిరగాలో నాన్న చూసుకుంటారు. అదే బస్సులో అయితే బోర్డు చదవాలి, స్టాపులు లెక్కపెట్టాలి, దిగే చోటు ముందే గుర్తుపట్టాలి. ఇలా తానే చూసుకున్న దారి మనసులో నిలుస్తుంది. రేపు పెద్దయ్యాక ఒంటరిగా వెళ్లే ధైర్యానికి పునాది ఇదే.

ఈ ఆదివారం ఇలా చేయండి

• రద్దీ లేని వేళ చూసుకుని బస్సో, ఎంఎంటీఎస్సో ఎక్కండి. మాస్కులు, శానిటైజర్ మరవకండి. ఆరుబయటి చోట్లయితే మేలు.

• బయలుదేరే ముందు ఆ రోజు రైళ్ల వేళలు మీ పిల్లలతోనే చూడించండి. టికెట్ డబ్బులు వాళ్ల చేతికే ఇచ్చి, చిల్లర లెక్క చూసుకోమనండి.

• హైదరాబాద్‌లో ఉంటే నెక్లెస్ రోడ్ స్టేషన్‌లో దిగి హుస్సేన్‌సాగర్ ఒడ్డున నడవండి. లేదా గోల్కొండ వెళ్లి ఫతే దర్వాజా కింద చప్పట్లు కొట్టించండి. ఆ చప్పుడు పైన బాలా హిస్సార్ దాకా ఎలా వినిపిస్తుందో వాళ్లనే ఆలోచించనివ్వండి. విజయవాడవాళ్లకు ప్రకాశం బ్యారేజీ, విశాఖవాళ్లకు బీచ్ రోడ్డు ఉండనే ఉన్నాయి.

• తిరుగు ప్రయాణంలో దారి చెప్పే బాధ్యత పిల్లలదే. ఒక స్టాపు ముందే దిగమన్నారా? దిగండి. నాలుగడుగులు నడిస్తే పోయేదేమీ లేదు. ఈసారి తప్పిన స్టాపును వాళ్లు మళ్లీ మర్చిపోరు.

చివరగా ఒక మనవి. ఇంటికి వచ్చాక వెళ్లొచ్చిన దారిని మీ బాబుతోనో, పాపతోనో గీయించి, సోమవారం క్లాస్ టీచర్‌కు పంపండి. మొదట గీసిన కాగితాలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. రెండూ పక్కపక్కన అతికిస్తాం. ఆ ఒంటరి గీత మీద ఈసారి ఒక టీ కొట్టు, ఒక గుడి, ఒక వేపచెట్టు కనిపిస్తే చాలు, ఊరు మళ్లీ మన పిల్లల చేతికి వచ్చినట్టే.