స్కాన్ చేసిన సీడ్ ప్లేటు: త్రిభుజాల వల నుండి ఘన నమూనాకు

ట్రాక్టరుతో నడిచే వేరుశనగ విత్తన గొర్రులో గింజలను ఒక్కొక్కటిగా ఏరి సాలులోకి వదిలేది వాలుగా అమర్చిన సీడ్ ప్లేటు. దాని అంచున ఉండే గుంత గింజ గరిష్ఠ కొలత కంటె సుమారు 10 శాతం పెద్దదిగా, లోతులో గింజ సగటు మందానికి సమానంగా ఉండాలన్నది రూపకర్తలు సాధారణంగా పాటించే సూత్రం. రకం మారితే గింజ పరిమాణం మారుతుంది. గుంత మారకపోతే లావు గింజ అందులో కుదురుకోదు, సన్న గింజలు రెండేసి చేరతాయి. మొదటి సందర్భంలో సాలులో ఖాళీలు మిగులుతాయి, రెండవదానిలో విత్తనం వృథా అవుతుంది. సాగు ఖర్చులో విత్తనానిదే పెద్ద వాటా అయిన వేరుశనగలో ఇది చిన్న నష్టం కాదు.

అందువల్లనే పాత ప్లేటును 3డి స్కానరుతో స్కాన్ చేసి, క్యాడ్‌లోకి తెచ్చి, గుంతలను మార్చి, కొత్త ప్లేటును ముద్రించుకోవచ్చునన్న ఆలోచన విద్యార్థులను ఆకర్షిస్తుంది. ఆలోచన మంచిదే. అయితే ఫైలు తెరపై ప్లేటులాగే కనిపించినా, గుంత వ్యాసాన్ని 12 నుండి 14 మిల్లీమీటర్లకు మార్చబోతే మార్చవలసిన ఆ సంఖ్య ఎక్కడా దొరకదు.

దీనికి కారణం ఫైలు స్వభావంలోనే ఉన్నది. స్టీరియోలిథోగ్రఫీ యంత్రాల కోసం 1987లో 3డి సిస్టమ్స్ సంస్థ ప్రవేశపెట్టిన ఎస్‌టీఎల్ రూపంలో వస్తువు ఉపరితలం కేవలం త్రిభుజాల వల. ఒక్కొక్క త్రిభుజానికి మూడు శీర్షాలు, ఒక అభిలంబ దిశ మాత్రమే నమోదవుతాయి. వృత్తం, కేంద్రం, వ్యాసార్ధం అనే భావనలకు అందులో చోటు లేదు. ఘన నమూనా సాఫ్ట్‌వేరు పద్ధతి వేరు. అది వస్తువును సమతలాలు, స్థూపాలు, వక్రతలాలు, అవి కలిసే అంచులుగా గుర్తుంచుకుంటుంది. మనం గుంత అని పిలిచేది మెష్‌లో కొన్ని వందల త్రిభుజాల గుంపు మాత్రమే.

దిగుమతిలో మొదటి చిక్కు కొలమానం. ఎస్‌టీఎల్‌లో అంకెలు ఉంటాయి కాని, అవి మిల్లీమీటర్లో అంగుళాలో చెప్పే గుర్తు ఉండదు. 180 మిల్లీమీటర్ల ప్లేటు అంకెలను సాఫ్ట్‌వేరు అంగుళాలుగా చదివితే తెరపై నాలుగున్నర మీటర్ల చక్రం నిలుస్తుంది. అంగుళాల ఫైలును మిల్లీమీటర్లుగా చదివితే అదే ప్లేటు 7 మిల్లీమీటర్ల బిళ్ల అవుతుంది. ఇంత పెద్ద తేడా వెంటనే కంటపడుతుంది గనుక ప్రమాదం తక్కువ. స్కానరు అమరికలో వచ్చే ఒకటి రెండు శాతం తేడాయే కనబడకుండా మోసగిస్తుంది. దిగుమతి కాగానే ఇరుసు రంధ్రాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, తెరపై కొలతతో సరిచూడవలసినది ఇందుకే.

తరువాతిది శుభ్రపరచడం. స్కానరు చూపు అందని మూలల్లో వల చిరిగి ఉంటుంది, కొన్ని త్రిభుజాల అభిలంబాలు లోపలి వైపు తిరిగి ఉంటాయి. వల పూర్తిగా మూసుకోనిదే లోపలేదో వెలుపలేదో తేలదు, తేలనిదే ఘనం ఏర్పడదు. మెష్‌ల్యాబ్‌లోగాని, ఫ్రీక్యాడ్ మెష్ విభాగంలోగాని ఈ లోపాలను చాలావరకు సరిదిద్దవచ్చు. త్రిభుజాల సంఖ్యను తగ్గించే పని కూడా ఇక్కడే చేయాలి. 2 లక్షల త్రిభుజాల బైనరీ ఎస్‌టీఎల్ 10 మెగాబైట్ల ఫైలే కావచ్చు. కాని ఘనంగా మార్చినపుడు ప్రతి త్రిభుజం ఒక ముఖమై, 2 లక్షల ముఖాలు, 3 లక్షల అంచులు తయారవుతాయి. ప్రయోగశాలలోని మామూలు కంప్యూటరు అక్కడే ఆగిపోతుంది.

ఫ్రీక్యాడ్‌లో మార్పిడి మెట్లు సులభమైనవే. పార్ట్ విభాగంలో మెష్ నుండి ఆకృతిని సృష్టించి, దానిని ఘనంగా మార్చి, ఆపై రిఫైన్ షేప్ ఆదేశం ఇస్తే ఒకే తలంలో ఉన్న ముఖాలు కలిసిపోతాయి. సాలిడ్‌వర్క్స్‌లోనైతే దిగుమతి ఐచ్ఛికాలలోనే గ్రాఫిక్స్, సర్ఫేస్, సాలిడ్ అన్న ఎంపిక ఉంటుంది. మొదటిది చూడటానికే పనికివస్తుంది. ఈ దారిలో ప్లేటు చదును ముఖాలు చక్కబడవచ్చు, గుండ్రని అంచు మాత్రం బహుభుజిగానే మిగులుతుంది. 180 మిల్లీమీటర్ల వ్యాసం గల అంచును 36 భుజాలతో సూచిస్తే, ప్రతి భుజం మధ్యభాగం అసలు వృత్తం కంటె 0.34 మిల్లీమీటరు లోపలికి ఉంటుంది. 72 భుజాలైతే 0.09కి తగ్గుతుంది. బిగింపు బ్రాకెట్టు ఎక్కడ తగులుతుందో చూడటానికి ఇది చాలు, గింజను పట్టే అంచుకు చాలదు.

కాబట్టి సీడ్ ప్లేటు వంటి క్రమాకృతి గల భాగాలలో మెష్‌ను ఘనంగా మార్చడం కంటె, దానిని కింద పరచుకొని పైన కొత్తగా గీయడమే మేలు. మెష్‌ను ఒక తలంతో కోసి, వచ్చిన అడ్డుకోత రేఖపై వృత్తాన్ని సరిపెట్టి, ఒక్క గుంతను గీసి, ఇరుసు చుట్టూ దానిని కావలసినన్ని సార్లు తిప్పి నకలు చేస్తే గంటలో పని ముగుస్తుంది. గుంత పొడవు, లోతు, సంఖ్యలను స్ప్రెడ్‌షీట్ గడులకు ముడివేస్తే, రకం మారినపుడు గడిలోని అంకెను మార్చితే చాలు. నాగలి రెక్క విషయం వేరు. దాని మెలికను వృత్తాలతో, సరళరేఖలతో పట్టలేము. అక్కడ మెష్‌పై వక్రతలాన్ని పొదగడం తప్పదు.

మరొక సంగతి తరచు మరుగున పడుతుంది. స్కానరు చూపేది నేటి ప్లేటును, తయారైననాటి ప్లేటును కాదు. నాలుగైదు సీజన్లు తిరిగిన ప్లేటులో గుంతల అంచులు అరిగి గుండ్రబడి ఉంటాయి. మెష్‌ను నమ్మకంగా అనుసరిస్తే ఆ అరుగుదల కూడా కొత్త ప్లేటులోకి నమ్మకంగా చేరుతుంది. ఇరుసు రంధ్రం, ప్లేటు మందం, వెనుక గాడి స్కాన్ నుండి తీసుకోవచ్చు. గుంత కొలతలను మాత్రం విత్తబోయే రకం గింజలను కనీసం నూరింటిని కొలిచి నిర్ణయించాలి. ముద్రించిన ప్లేటును పొలానికి పంపే ముందు గ్రీజు పూసిన బెల్టుపై నడిపి, గింజల మధ్య దూరాన్ని, జంటలను, ఖాళీలను లెక్కించాలి. లెక్క తప్పితే స్ప్రెడ్‌షీట్‌లో అంకె మార్చి మరో ప్లేటు ముద్రించుకోవచ్చు.