జీతాల ఫైల్ బ్యాంకుకు భద్రంగా చేరుతోందా? ప్రోగ్రామ్‌లో ఆ ఒక్క లైన్ చూసుకోండి

నెలాఖరు వచ్చిందంటే ఆఫీసుల్లో జీతాల ఫైల్ తయారవుతుంది. ఉద్యోగి పేరు, అకౌంట్ నంబర్, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్, జమ కావాల్సిన మొత్తం.. ఒక్కో వరుసలో ఒక్కొక్కరి నెల కష్టం. చిన్న ఆఫీసుల్లో అకౌంటెంటే దాన్ని బ్యాంకు సైట్‌లో అప్‌లోడ్ చేస్తాడు. ఉద్యోగులు వందల్లో ఉన్న కంపెనీల్లో చాలాచోట్ల ఈ పని ఒక ప్రోగ్రామ్ చేస్తుంది. టైం కాగానే దానంతట అదే బ్యాంకు సర్వర్‌కు కనెక్ట్ అయి ఫైల్ పెట్టేస్తుంది.

మరి ఆ ఫైల్ దారిలో ఎవరి చేతిలోనైనా పడితే? చదివేస్తారన్నది ఒక్కటే భయం కాదు. ఒక్క అకౌంట్ నంబర్ మార్చినా చాలు, జీతం ఇంకొకరి ఖాతాలోకి పోతుంది.

ఫైళ్లు పంపే పాత పద్ధతి ఎఫ్‌టీపీ. 1971లో దీన్ని రాసింది మనవాడే. ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్‌లో చదివి అమెరికా వెళ్లిన అభయ్ భూషణ్. అప్పట్లో నెట్‌వర్క్‌లో ఉన్నవి కొన్ని యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలే కాబట్టి ఎవరినీ అనుమానించాల్సిన పని లేదు. ఫైల్‌తో పాటు పాస్‌వర్డ్ కూడా ఉన్నదున్నట్టే వెళ్లేది. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో అలా వెళ్తున్న పాస్‌వర్డ్‌లను ఎవరో కాజేశారు. ఆ తర్వాతే అక్కడి పరిశోధకుడు టాటూ యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్‌ను తయారు చేశాడు. ఎఫ్‌టీపీది 21వ నంబర్ పోర్టు, టెల్‌నెట్‌ది 23. మధ్యలో ఖాళీగా ఉన్న 22ను అడిగి తీసుకున్నాడు. ఈ రోజుకీ అదే నంబర్.

సొరంగం లోపల ఏం జరుగుతుంది?

ఎస్‌ఎస్‌హెచ్ రెండు కంప్యూటర్ల మధ్య ఒక టన్నెల్ కడుతుంది. లోపల వెళ్లేదంతా ఎన్‌క్రిప్ట్ అవుతుంది. మధ్యలో ఎవరు పట్టుకున్నా అర్థం లేని అక్షరాలే కనిపిస్తాయి. ఒక్క అక్షరం మార్చినా అవతలి వైపు తెలిసిపోయి కనెక్షన్ తెగిపోతుంది. ఈ టన్నెల్‌లో ఫైళ్లు పంపే పద్ధతే ఎస్‌ఎఫ్‌టీపీ. పేరు చూసి ఇది ఎఫ్‌టీపీకి తమ్ముడు అనుకుంటారు గానీ, రెండూ పూర్తిగా వేరు.

ఈ తేడా తెలియక కొందరు పాత ఎఫ్‌టీపీనే తెచ్చి టన్నెల్‌లో పెడతారు. ఎఫ్‌టీపీ రెండు కనెక్షన్లు వాడుతుంది. ఒకటి ఆదేశాలకు, ఇంకొకటి అసలు ఫైల్‌కు. 21వ పోర్టును మాత్రమే టన్నెల్‌లోకి మళ్లిస్తే పాస్‌వర్డ్ లోపల నుంచి వెళ్తుంది, జీతాల ఫైల్ మాత్రం బయట రోడ్డు మీదే వెళ్తుంది! లేదంటే అసలు వెళ్లకుండా ఆగిపోతుంది. ఆగిపోవడమే నయం.

అసలు చిక్కు ఎక్కడ?

టన్నెల్ ఎంత గట్టిదైనా, అవతలి చివర ఉన్నది నిజంగా బ్యాంకేనా? దొంగ సర్వర్‌తో కూడా అంతే గట్టి టన్నెల్ కట్టుకోవచ్చు కదా. అందుకే ప్రతి సర్వర్‌కూ ఒక హోస్ట్ కీ ఉంటుంది. దాన్ని కుదించి చూపేదే ఫింగర్‌ప్రింట్. ప్రోగ్రామ్ ఒకసారి ఆ కీని దాచుకుంటే, తర్వాత ప్రతిసారీ పోల్చి చూస్తుంది.

పైథాన్‌లో ఈ పనికి ఎక్కువగా వాడే లైబ్రరీ పారామికో. తెలియని సర్వర్ ఎదురైతే అది మామూలుగా కనెక్ట్ కాదు, ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఇది ప్రోగ్రామర్‌కు విసుగు. నెట్‌లో వెతికితే దొరికే నమూనా కోడ్‌లో చాలాసార్లు 'ఆటో యాడ్ పాలసీ' అనే లైన్ ఉంటుంది. అది పెట్టగానే ఎర్రర్ పోతుంది. కొత్తగా ఎవరు ఎదురైనా అడగకుండా ఒప్పుకో అని దానర్థం. పాత కీలు దాచిన 'నోన్ హోస్ట్స్' ఫైల్‌ను కూడా లోడ్ చేయకపోతే ఇంకా ఘోరం. ప్రోగ్రామ్‌కు నిన్నటి సంగతి గుర్తుండదు, ప్రతి నెలా మొదటి పరిచయమే. తాళం ఉంది, కానీ తలుపు ఎవరు కొట్టినా తీస్తుంది. లాగిన్ పాస్‌వర్డ్‌తో అయితే అది కూడా దొంగ చేతికే. కీ ఫైల్‌తో లాగిన్ అయితే ఆ కీ బయటపడదు. కానీ జీతాల ఫైల్ మాత్రం దొంగ దగ్గరికే చేరుతుంది.

కంపెనీ సర్వర్ లోపల దాగి, ముందు ఒక గేట్‌వే ఉన్నప్పుడు ఈ చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. ప్రోగ్రామ్ తన సొంత మెషీన్‌లో, ఉదాహరణకు 2222 పోర్టు తెరిచి, గేట్‌వే మీదుగా లోపలి సర్వర్‌కు దారి వేస్తుంది. అప్పుడు అడ్రస్ 'లోకల్‌హోస్ట్' అని కనిపిస్తుంది. అదే పోర్టు నుంచి రేపు ఇంకో సర్వర్‌కు వెళ్తే కీ మారిందని వార్నింగ్ వస్తుంది. దాంతో చెకింగే ఆపేస్తారు. నిజానికి ఒక్కో సర్వర్‌కు ఒక్కో పోర్టు కేటాయిస్తే సరిపోతుంది.

కీ మారడం అంటే ప్రతిసారీ మోసమే అనుకోనక్కర్లేదు. 2023 మార్చిలో గిట్‌హబ్ తన రహస్య హోస్ట్ కీ ఒకటి పొరపాటున బయటపడిందని చెప్పి దాన్ని మార్చేసింది. ఆ కీని గుర్తు పెట్టుకున్న కంప్యూటర్లు వార్నింగ్ ఇచ్చాయి. కొత్త ఫింగర్‌ప్రింట్‌ను గిట్‌హబ్ బహిరంగంగా ప్రకటించింది, పోల్చి చూసినవాళ్లకు ఇబ్బంది లేదు.

అలా పోల్చి చూసేవాళ్లే తక్కువ. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రత చర్యలు తీసుకోక డేటా లీకైతే రూ.250 కోట్ల వరకు జరిమానా ఉంది. ఆఫీసు యజమానికి కోడ్ చదవడం రాకపోవచ్చు. కానీ ప్రోగ్రామర్‌ను రెండు మాటలు అడగొచ్చు: ఆటో యాడ్ తీసేసి రిజెక్ట్ పాలసీ పెట్టారా? బ్యాంకు ఫింగర్‌ప్రింట్ ఎక్కడి నుంచి తెచ్చారు? అది రిలేషన్‌షిప్ మేనేజర్ నుంచో, అగ్రిమెంట్ కాగితాల నుంచో రావాలి, మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు తెర మీద కనిపించిందని కాదు.

జీతాల రోజున ప్రోగ్రామ్ 'హోస్ట్ కీ మారింది' అని ఆగిపోతే చెక్ తీసేసి పంపమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. ఆ పూట బ్యాంకుకు ఫోన్ చేయాలి. అది కూడా ఈమెయిల్‌లో వచ్చిన నంబర్‌కు కాదు, ముందు నుంచీ డైరీలో ఉన్న నంబర్‌కే.