గల్ఫ్‌లో ఈద్: సెలవు ఎన్ని రోజులు, ఫిత్రా ఎక్కడ, పండగ ఎవరితో?

రియాద్‌లో ఈద్ నమాజు పూర్తయి, రూముకొచ్చి ఇంటికి ఫోన్ చేస్తే అవతల అమ్మీ ఇంకా రోజాతో ఉంటుంది. మన ఊళ్లలో చాంద్ రాత్ అదే రోజు సాయంత్రం. 2024లో సౌదీలో ఏప్రిల్ 10న ఈద్ అయితే ఇండియాలో 11న జరిగింది. 2025లో అక్కడ మార్చి 30, ఇక్కడ 31. దీంతో కరీంనగర్, జగిత్యాల, కడప, రాయచోటి నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లకు పండగ దాదాపు ప్రతి ఏడూ రెండుసార్లు వస్తుంది. ఒకటి రూములో, రెండోది ఫోన్లో.

చాంద్ తేడా వల్ల వచ్చే అసలు చిక్కు ప్రయాణంలో ఉంటుంది. రంజాన్ మధ్యలో సౌదీ నుంచి ఊరికొచ్చినవాళ్లకు ఒక్కోసారి 31 రోజాలు అవుతాయి. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరివాళ్లతోనే రోజా, వాళ్లతోనే ఈద్ అని ఎక్కువ మంది ఆలిములు చెబుతారు. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లి 28 రోజాలకే ఈద్ వచ్చేస్తే, మిగిలిన ఒక్కటి తర్వాత ఉండాలి.

ఇక సెలవుల సంగతి. సౌదీలో ప్రైవేటు ఉద్యోగులకు ఈదుల్ ఫిత్ర్‌కి 4 రోజులు, బక్రీద్‌కి 4 రోజులు జీతంతో సెలవు. రంజాన్ నెలలో ముస్లిం కార్మికుల పని రోజుకు 6 గంటలు మించకూడదు. కాగితం మీద ఇలా ఉన్నా, సూపర్ మార్కెట్, హోటల్, సెక్యూరిటీ పనుల్లో ఉన్నవాళ్లకు పండగ రోజే డ్యూటీ ఎక్కువ. అలాంటప్పుడు చాలామంది అడగనిది ఒకటుంది. సౌదీ కార్మిక చట్టంలోని 107వ ఆర్టికల్ ప్రకారం ఈద్ సెలవుల్లో చేసిన ప్రతి గంటా ఓవర్‌టైమే. గంట జీతానికి తోడు బేసిక్‌లో సగం కలిపి ఇవ్వాలి.

లెక్క వేసి చూద్దాం. అలవెన్సులు ఏమీ లేకుండా నెలకు 1500 రియాళ్ల బేసిక్ అనుకుంటే, 30 రోజులు, 8 గంటల చొప్పున గంటకు 6.25 రియాళ్లు పడుతుంది. ఓవర్‌టైమ్ గంటకు 9.37 దాకా వస్తుంది. రోజుకు 75 రియాళ్లు, నాలుగు రోజులూ చేస్తే 300. అదీ నెల జీతం కాకుండా. డబ్బుకు బదులు సెలవిస్తామని కంపెనీ అంటే కార్మికుడు ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే డబ్బే ఇవ్వాలి. అందుకే పండగ డ్యూటీ గంటలు ఫోన్లో రాసిపెట్టుకోవడం, జీతం స్లిప్పుతో పోల్చి చూసుకోవడం మంచిది.

అయితే సౌదీలో ఇళ్లలో పనిచేసే డ్రైవర్లు, ఖద్దామాలకు ఈ చట్టం వర్తించదు. వాళ్లకు వేరే నిబంధనలున్నాయి. కఫీల్ ఇంట్లో ఈద్ అంటే బంధువులొస్తారు, వంట పెరుగుతుంది, గిన్నెలు పెరుగుతాయి. మన దగ్గర్నుంచి వెళ్లిన ఆడవాళ్లు ఎక్కువగా ఉన్నది ఈ పనిలోనే. పండగ రోజు ఫోన్ ఎత్తలేదని ఇంట్లోవాళ్లు నిష్ఠూరమాడే ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఫిత్రా విషయంలోనూ ఒక గందరగోళం ఉంది. సౌదీలో ధాన్యమే ఇవ్వాలంటారు కాబట్టి, చాంద్ రాత్ నాడు రోడ్డు పక్కన రెండున్నర, మూడు కిలోల బియ్యం సంచులు అమ్ముతుంటారు. యూఏఈలో 2025లో మనిషికి 25 దిర్హంలు డబ్బుగా ఇవ్వొచ్చని ప్రకటించారు. మన హనఫీ మసీదుల్లో గోధుమల ధర కట్టి రూపాయల్లో చెబుతారు. ఎలా ఇచ్చినా ఈద్ నమాజుకు ముందే చేరాలి. పిల్లల ఫిత్రా అబ్బా అక్కడ ఇస్తున్నాడా, ఇంట్లో ఇస్తున్నారా అనేది ముందే మాట్లాడుకోకపోతే ఇద్దరూ ఇవ్వడమో, ఎదుటివాళ్లు ఇచ్చారనుకుని ఎవరూ ఇవ్వకపోవడమో జరుగుతుంది. రెండోదే ఎక్కువ ఇబ్బంది.

ఇంతకీ అక్కడ పండగ ఎలా ఉంటుందంటే, తెల్లవారగానే ఉంటుంది. సూర్యోదయమైన పావుగంట, ఇరవై నిమిషాలకే నమాజు. తొమ్మిదింటికల్లా షీర్ ఖుర్మా అయిపోతుంది. 2025లో సౌదీలో బక్రీద్ జూన్ 6న వచ్చింది. ఆ ఎండల్లో మధ్యాహ్నం బయటికెళ్లే పనే లేదు. ఏసీ వేసుకుని నిద్రపోవడమే చాలామందికి పండగ. మళ్లీ సాయంత్రం ఎండ తగ్గాక రియాద్‌లో బత్హాకో, దుబాయ్‌లో దేరాకో బయల్దేరతారు. మన తెలుగు మాట గట్టిగా వినిపించేది అక్కడే.

వీడియో కాల్ పెట్టుకునేవాళ్లకు చివరగా ఒక మాట. సౌదీ టైము మనకంటే రెండున్నర గంటలు, యూఏఈ గంటన్నర వెనక. మన ఊళ్లో ఈద్గాహ్ నుంచి ఎనిమిదింటికి కాల్ చేస్తే రియాద్‌లో అప్పుడు ఉదయం ఐదున్నర. యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు కాబట్టి బోటిమ్ లాంటి యాప్ ఇంట్లోవాళ్ల ఫోన్లో కూడా చాంద్ రాత్‌కి ముందే వేయించి, ఒకసారి కలిపి చూసుకోవాలి.