గీత అమ్మినా హక్కు మిగలాలి

ఫ్రీలాన్స్ ఇలస్ట్రేటర్, అంటే ఏ సంస్థలోనూ నెలజీతానికి కుదురుకోకుండా కథలకు, పుస్తకాలకు, ప్రకటనలకు అడిగినవారికల్లా బొమ్మ వేసి ఇచ్చే చిత్రకారుడు, రెండింటి మీద బతుకుతాడు: చూడగానే ఎవరిదో తెలిసిపోయే గీత ఒకటి, బొమ్మ చేతులు మారాక కూడా దాని మీద తనకు మిగిలే హక్కు రెండోది. పశ్చిమగోదావరి, ఏలూరు, కొల్లేరు ప్రాంతం మొదటిదాన్ని తెలుగు పత్రికలకు ధారాళంగా ఇచ్చింది. రెండోదాన్ని పట్టించుకున్నవారు ఇక్కడే కాదు, తెలుగునాట ఎక్కడైనా తక్కువే.

నరసాపురంలో 1933లో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, నల్లకోటు జోలికి పోకుండా 1955లో ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరి, ప్రకటనల సంస్థల్లో పనిచేస్తూ, తరవాత సినిమాలు తీస్తూ, ఎన్నెన్నో కథలకూ నవలలకూ బొమ్మలు వేసి బాపుగా నిలిచారు. ఆ గీత అంత పొదుపుగా ఉండటానికి చిత్రకారుడి ప్రతిభతోపాటు ఆనాటి అచ్చు పద్ధతి కూడా కారణమే. అప్పట్లో బొమ్మను ఫొటో తీసి, జింకు రేకు మీదికి ఎక్కించి, గీత లేని చోటంతా ఆమ్లంతో తినిపించి బ్లాకు చేసేవారు. అటువంటి బ్లాకుకు నలుపు, తెలుపు తప్ప మధ్య ఛాయలు తెలియవు, ఛాయల కోసం చుక్కల బ్లాకు వాడితే ముతక న్యూస్‌ప్రింటు మీద సిరా అలుక్కుపోయేది. అందువల్ల మెడ వంపును, జడ బరువును, చీర కుచ్చిళ్లను ఒక్క కుంచె విసురులో, సన్నం నుంచి లావుకు మారే గీతలోనే చెప్పగలిగినవారు మిగిలినవారికంటే ముందుకు వెళ్లారు. బాపు చేతిరాత సైతం పుస్తకాల అట్టల మీద అలవాటై, చివరికి కంప్యూటరు అక్షరాలుగా స్థిరపడింది.

ఏలూరులో పుట్టిన మోహన్ దారి వేరు. విశాలాంధ్ర, ఈనాడు, ఉదయం పత్రికల్లో పనిచేసిన ఈ కార్టూనిస్టు తరవాత హైదరాబాదులో స్వతంత్రంగా పోస్టర్లు, పుస్తకాల ముఖచిత్రాలు, యానిమేషన్ చేస్తూ 2017లో కన్నుమూసేదాకా కుంచె దింపలేదు. పత్రిక వదిలిన తరవాత కూడా పని వెతుక్కుంటూ వచ్చిందంటే, అది ఆ గీతకు దక్కిన గౌరవం.

ఆ తరం ఊరు వదలక తప్పలేదు, ఎందుకంటే బ్లాకు చేసేచోటే బొమ్మ ఉండాలి. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో టాబ్లెట్ మీద గీసిన ముఖచిత్రం అంగుళానికి 300 చుక్కల సాంద్రతతో నిమిషాల్లో బెంగళూరు చేరుతుంది. అచ్చుకు వాడే నాలుగు సిరాల పద్ధతిలోకి రంగులను మార్చి పంపడం తెలిస్తే చాలు. అయితే అదే ఇంటర్నెట్ తీగ మీద ప్రపంచమంతటి బొమ్మలూ వచ్చిపడుతున్నాయి కాబట్టి, స్థానిక చిత్రకారుడి బలం స్థానిక జ్ఞానమే అవుతుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటితమై, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కిన కొల్లేరులో, కైకలూరు దగ్గరి ఆటపాక వద్ద నీళ్లలో నిలబెట్టిన ఇనుప మంచెల మీద గూళ్లు కట్టే గూడబాతు బూడిదరంగు పక్షి, పై ముక్కు అంచున వరసగా మచ్చలు ఉంటాయి. కొల్లేటి పుస్తకంలో పసుప్పచ్చ సంచి వేలాడే తెల్ల గూడబాతు కనిపిస్తే అది ఎక్కడినుంచో దించుకున్న బొమ్మ అని ఆ ఊరి పిల్లవాడు సైతం పట్టేస్తాడు. పిల్లల పుస్తకాలకు, చేపల మేత బస్తాలకు, వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం వంటి చోట్ల మొక్కల పటాలకు ఇంత దగ్గరగా చూసిన కన్ను కావాలి.

ఇక హక్కు సంగతి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మకు మొదటి యజమాని గీసినవారే, కాని డబ్బిచ్చి వేయించుకున్న వర్ణచిత్రానికీ రూపచిత్రానికీ వేరే ఒప్పందం లేకపోతే వేయించుకున్నవారే యజమానులవుతారు. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. గడువు రాయకపోతే అయిదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం భావిస్తుంది. తెలుగు ప్రచురణరంగంలో ఫోను మాట మీద నడిచే బేరాల్లో ఈ రక్షణ చాలావరకు వృథా అవుతోంది, ఇది నిజంగా బాధాకరం. సొమ్ము ఆలస్యానికీ మందుంది: ఉద్యమ్ పోర్టల్‌లో రుసుము లేకుండా సూక్ష్మ సంస్థగా నమోదైన చిత్రకారుడికి, 2006 నాటి చట్టం ప్రకారం, పని అందుకున్నవారు 45 రోజులు మించకుండా చెల్లించాలి, మించితే వడ్డీ కట్టాలి.

కాపీరైట్ చిత్రకారుడి జీవితకాలంతోపాటు మరణానంతరం మరో 60 ఏళ్లు ఉంటుంది గనుక, 2014లో కన్నుమూసిన బాపు తనవద్దే ఉంచుకున్న బొమ్మల హక్కు 2074 చివరిదాకా నడుస్తుంది. ఏలూరు కుర్రవాడు ఈ వారం పంపబోయే ముఖచిత్రానికి ఆ లెక్క ఇంకా ఎంతో దూరం పోతుంది. కాబట్టి ధర మాట్లాడేటప్పుడు అది ఒక్క ముద్రణకా, అన్ని ముద్రణలకా, ఇతర భాషల అనువాదాలకు కూడానా అన్న మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద పెట్టించుకున్న తరవాతే ఫైలు పంపాలి.