లెక్కలోకి రానివాళ్లు

నేపాళ మాంత్రికుడికి కావలసిందంతా తెలుసు. సాహసి అయిన కుర్రవాణ్ని పాతాళ భైరవికి బలిస్తే, కోరినదల్లా ఇచ్చే బొమ్మ చేతికొస్తుందని తెలుసు. ఉజ్జయినిలో తోటరాముణ్ని పట్టుకున్నాడు. రాజకుమారి మీద మనసుపడ్డ ఆ తోటమాలి కొడుక్కి ధనాశ చూపించి గుహ దాకా నడిపించుకొచ్చాడు. బలికి ముందు స్నానానికి దిగిన కొలనులో రాముడికి మొసలి ఎదురైంది. దాన్ని చంపితే శాపం తీరిన అప్సరస బయటికొచ్చి మాంత్రికుడి గుట్టు చెప్పేసింది. చివరికి అమ్మవారి ముందు తెగిపడింది మాంత్రికుడి తలే. ఆ బలికీ భైరవి ప్రసన్నమైంది. బొమ్మ రాముడిదైంది.

1951లో విజయా సంస్థ తీసిన ‘పాతాళ భైరవి’లో పింగళి నాగేంద్రరావు అల్లి, కె.వి.రెడ్డి తెరకెక్కించిన ఈ మలుపును మూడు తరాలు చప్పట్లు కొట్టి చూశాయి. అందులో దేవత ఎవరినీ మోసం చేయలేదు. బలి అడిగింది, బలి పుచ్చుకుంది. మాంత్రికుడు మాత్రం తోటరాముణ్ని మనిషిగా చూడలేదు, కాళ్లొచ్చిన బలిపశువనుకున్నాడు.

జోస్యం విని విర్రవీగి, ఆ జోస్యం వల్లే నాశనమయ్యే ప్రతినాయకులు ప్రపంచ సాహిత్యం నిండా ఉన్నారు. మాటల గారడీతో విధి వాళ్లను బుట్టలో వేసిందని సాధారణంగా అంటాం. నాకలా తోచదు. జోస్యానికైనా వరానికైనా కంచెకున్నట్టు ఒక కంత ఉంటుంది. విలన్ ఎవరిని చులకన చేశాడో వాళ్లు పట్టేంత కంత అది.

రావణుణ్నే తీసుకోండి. దేవతలు, గంధర్వులు, యక్షులు, దానవుల చేతిలో చావు లేకుండా బ్రహ్మ దగ్గర వరం పుచ్చుకున్నాడు. మనుషుల పేరు ఎత్తలేదు. మరచిపోయి కాదు, గడ్డిపోచలపాటి చేయరనుకుని వదిలేశాడు. లంక ఆ గడ్డిపోచల చేతిలోనే కూలింది. హిరణ్యకశిపుడు అంతకంటే జాగ్రత్తపరుడు. పగలూ రాత్రీ, ఇంటా బయటా, మనిషీ మృగమూ అంటూ తోచిన తలుపులన్నీ మూశాడు. ఇంట్లో ఉన్న పసివాణ్ని మాత్రం ఓ ప్రమాదంగా లెక్కేసుకోలేదు. కొడుకును నిలదీయబోయే కదా స్తంభాన్ని కొట్టాడు! తెలుగు టాకీ పుట్టిందే ఈ కథతో. హెచ్.ఎం.రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. 1967లో ఆ కథను మళ్లీ తీసినప్పుడు హిరణ్యకశిపుడి గద పట్టింది, నేపాళ మాంత్రికుడి గడ్డం పెట్టుకున్న ఎస్.వి.రంగారావే.

పడమటి కథల్లోనూ ఇంతే. ఆడదాని కడుపున పుట్టినవాడెవడూ నిన్నేమీ చేయలేడన్న మాట నమ్మిన మాక్బెత్, తల్లి కడుపు కోసి తీసిన మాక్డఫ్ చేతిలో పోయాడు. 1955లో వచ్చిన టోల్కీన్ ‘రిటర్న్ ఆఫ్ ద కింగ్’లో ఏ మగవాడి చేతా చావనని విర్రవీగిన మాంత్రిక రాజును ఎయోవిన్ అనే యువతి చంపింది. అంతకు క్షణం ముందు అతని మోకాలి వెనక కత్తి దింపినవాడు నడుమెత్తు హాబిట్. యుద్ధానికి రావద్దని పెద్దలు చెప్పిన ఇద్దరే ఆ పని చేశారు. ఆ ఘట్టంలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

మన దగ్గరికొస్తే, పల్నాడులోనూ జోస్యాల మాట పాతదే. మాచర్లకు దగ్గరలోని నాగార్జునకొండ లోయలో దొరికిన ఇక్ష్వాకుల కాలపు శిల్పాల్లో బుద్ధుడి జీవిత ఘట్టాలు చెక్కారు. కొడుకు చక్రవర్తి అవుతాడు, లేదంటే సన్యాసి అవుతాడన్న జోస్యం విన్న శుద్ధోదనుడు ముసలివాళ్లనూ రోగులనూ శవాలనూ సిద్ధార్థుడి కంటపడనీయలేదు. ఆయన విలన్ కాదు, బిడ్డ మీద ప్రేమతో భయపడిన తండ్రి. అయినా ఆయన గోడ అవతలికి నెట్టినవాళ్లే చివరికి కొడుకును బయటికి పిలిచారు.

ఇక పల్నాటి వీరగాథకొస్తే, కథ నడిచింది జోస్యం మీద కాదు, ఒక వరం మీద. వేటకొచ్చిన అనుగురాజుకు జిట్టగామాలపాడులో నాగమ్మ అనే స్త్రీ ఆతిథ్యమిచ్చిందని, ఏం కావాలో కోరుకోమంటే ఏడు ఘడియల మంత్రిత్వం అడిగిందని జనం చెప్పుకుంటారు. ఏడు ఘడియలంటే రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలు. పల్లెటూరి ఆడమనిషి అంతసేపట్లో ఏం చేస్తుందిలే అనుకునే రాజు మాటిచ్చి ఉంటాడు. ఆ తర్వాత గురజాలలో అనుగురాజు కొడుకు నలగామరాజు కొలువులో ఆమె ఆ మాటను చెల్లించుకుంది. ఘడియలు తీరిపోయాయి గానీ అధికారం ఆమె చేయి దాటిపోలేదు. నలగాముడి సవతి తమ్ముడు మలిదేవుడి పక్షాన నిలిచిన బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు కోడిపందెంలో ఓడింది. మలిదేవుడి పక్షం మాచర్ల విడిచి ఏడేళ్లు వలస పోయింది. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజు విషానికి బలయ్యాడు. 12వ శతాబ్దం చివర కారంపూడిలో నాగులేటి ఒడ్డున రెండు వైపులా మహావీరులంతా నేలకొరిగారు.

అనుగురాజు దుర్మార్గుడు కాదు. అయినా రావణుడు చేసిన పొరపాటే చేశాడు, ఎదుటి మనిషిని తక్కువ అంచనా వేశాడు. అందుకే నాగమ్మను పట్టుకుని ఉత్త విలన్ అనడానికి నాకు నోరు రాదు. అలరాజు చావు క్షమించలేనిదే. కానీ 800 ఏళ్ల కిందట ఊళ్లోంచి నడిచొచ్చి ఒక రాజ్యాన్ని నడిపిన స్త్రీ తెలివిని కుట్ర అన్న ఒక్క ముక్కతో సరిపెట్టడం, ఆమెను మళ్లీ లెక్కలోంచి తీసేయడమే.

ఆ పోరులో అవతలి పక్షాన ఉన్న బ్రహ్మనాయుడు లెక్కలోకి రానివాళ్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మాల కులస్థుడైన కన్నమదాసును కొడుకన్నాడు, సేనానిని చేశాడు. కులాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు. అంతటి మనిషి కూడా సొంత కొడుకు బాలచంద్రుణ్ని యుద్ధానికి దూరంగా ఉంచబోయాడు. అతని బొంగరం తగిలి దెబ్బతిన్న ఒక ఇల్లాలు, నీవాళ్లు యుద్ధంలో ఉంటే నీకు ఆటలేమిటని దెప్పేదాకా ఆ కుర్రాడికి సంగతే తెలియదు. తెలిశాక ఆపడం ఎవరి వల్లా కాలేదు.

ఏటా కార్తీక అమావాస్యకు కారంపూడి వీరుల గుడి దగ్గర అయిదు రోజులపాటు ఈ కథంతా మళ్లీ నడుస్తుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. వీరవిద్యావంతులు పాడుతుంటే వీరాచారులు ఆయుధాలు పట్టుకుని వస్తారు. మందపోరు నాడు చాపకూడు వడ్డిస్తారు. ఈ కథ ముగింపు మాంత్రికుల కథల ముగింపు లాంటిది కాదు. తోటరాముడు మాంత్రికుణ్ని నరికినట్టు ఇక్కడ నాగమ్మను ఎవరూ నరకలేదు. కొడుకును పోగొట్టుకున్న బ్రహ్మనాయుడు ఆమెను ప్రాణాలతో వదిలిపెట్టాడు. నలగామరాజుకే రాజ్యం అప్పగించి, తాను గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడు.